బొలెరో క్యాంపర్ మీద చవక క్యారియర్: ఇనుము కాదు, బిగింపు చూడండి

మా బొలెరో క్యాంపర్ పికప్ క్యాబిన్ మీద సామాను పెట్టుకునే క్యారియర్ చూసినవాళ్ళు ముందు రేటు అడుగుతున్నారు, రేటు చెప్పగానే "అంత తక్కువకి వచ్చింది ఆగుతుందా అండీ?" అంటున్నారు. ఆగుతుంది. కాకపోతే డబ్బాలో వచ్చిన బోల్టులతో, అందులో పెట్టిన కాగితంలో బొమ్మ వేసినట్టు బిగించేస్తే మాత్రం నేను పూచీ పడను. చవక క్యారియర్ అనగానే ఇనుము నాసిరకం అనుకుంటాం గానీ, తయారు చేసేవాడు డబ్బు మిగుల్చుకునేది ఎక్కువగా అక్కడ కాదు. బోల్టులు, క్లాంపులు, వాటి కింద రబ్బర్లు, గొట్టం లోపల కంటికి కనపడని పెయింటు, వీటిలో మిగుల్చుకుంటాడు. అవన్నీ పాలకొల్లు బజార్లో దొరికేవే. చవకది కొనండి, వాడు ఎక్కడ తగ్గించాడో అక్కడ మనం కాస్త డబ్బు పెడదాం, అప్పుడు ఖరీదైనదానికీ దీనికీ పనిలో తేడా కనపడదు. నేను చేసింది అదే.

మాది రాజోలు పక్కన ఊరు. చెరువులకి మోటార్లు, పైపులైన్లు, ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) బిగించే పని. మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎక్కువ తిరుగుతాం, చించినాడ వంతెన దాటి అవతల పశ్చిమ వైపు నుంచి కూడా పిలుస్తుంటారు. ఈ పనిలో బండికి తలనొప్పంతా పొడుగు సామానుతోనే. పీవీసీ పైపు 20 అడుగులు ఉంటుంది, బండే అంత లేదు. దానికి తోడు నిచ్చెన, వెదురు బొంగులు. ఇదివరకు వీటిని వెనక బాడీలోంచి ఏటవాలుగా క్యాబిన్ మీదకి వాల్చి, కింద పాత టైరు వేసి తాడు కట్టేవాళ్ళం. టైరు ఆనిన చోట రంగు లేచి తుప్పు మొదలైంది. బోరు పని చేసేవాళ్ళు, డెకరేషన్ వాళ్ళు, కడియం నుంచి మొక్కలు తెచ్చేవాళ్ళు, ఎవరి బండి చూసినా క్యాబిన్ మీద అదే మచ్చ.

క్యారియర్ అనుకున్నప్పుడు ముందు వెల్డింగ్ షాపులో కొట్టించడమే మన అలవాటు. అందులో తప్పేం లేదు గానీ మనవాళ్ళకి ఒక జబ్బు ఉంది, గట్టిగా ఉండాలంటే బరువుగా ఉండాలనుకుంటారు. యాంగ్లర్లు, రెండంగుళాల గొట్టాలు, పైన గ్రిల్లు డిజైను, ముందు పేరు రాసుకోవడానికి రేకు. ఒక లెక్క చెప్తాను. అంగుళం చదరపు గొట్టం 16 గేజీది, అంటే మందం 1.6 మిల్లీమీటర్లది, 20 అడుగుల నిడివి దాదాపు 7 కిలోలు తూగుతుంది. అదే 18 గేజీది అయితే ఐదున్నర కిలోలు. ఓ మాదిరి క్యారియర్‌కి ఇలాంటి నిడివులు మూడు నాలుగు పడతాయి, అంటే ఖాళీ ఫ్రేమే పాతిక కిలోలు. షాపు డిజైన్లయితే దానికి రెట్టింపు. ఆ బరువంతా క్యాబిన్ పైకప్పే మొయ్యాలి, పైన సామాను ఎక్కించక ముందే. పైకప్పు మీద ఇంత బరువు పెట్టొచ్చని బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటే క్యారియర్ బరువు కూడా ఆ అంకెలోనే కలుస్తుంది, అది విడిగా కాదు. ఆన్‌లైన్లో "150 కిలోలు మోస్తుంది" అని పెద్దక్షరాలతో వేస్తారు చూశారూ, అది నేల మీద పెట్టినప్పుడు ఫ్రేము ఆగే బరువు. గతుకుల్లో ఎగిరిపడే బండి మీద, అందులోనూ పల్చటి రేకు పైన, అంత పెట్టొచ్చని అర్థం కాదు. నేనైతే ఫ్రేము కాక నలభై కిలోలు దాటనివ్వను, అంతకన్నా బరువైనది ఏదైనా బాడీలోనే.

అందుకే విప్పుకునే రకం, బోల్టులతో కలుపుకునే రకం ఆన్‌లైన్లో తెప్పించాను. ఆరు వేల చిల్లర. విప్పుకునేది తీసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తా.

డబ్బా విప్పగానే ముందు గొట్టాలు కాటా మీద పెట్టండి. గేజీ ఎంతో అమ్మేవాడు చెప్పినా చెప్పకపోయినా పొడవూ బరువూ తెలిస్తే పైన చెప్పిన లెక్కతో తేలిపోతుంది. నాకు వచ్చింది 18 గేజీకి దగ్గరగా ఉంది, ఆ ధరకి అది న్యాయమే. వెల్డింగులు కూడా పర్వాలేదు. పైన నల్ల పౌడర్ కోటింగ్ చూడ్డానికి నిగనిగలాడుతోంది. గొట్టం చివర ప్లాస్టిక్ మూత పీకి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే లోపల రంగన్నదే లేదు, వట్టి ఇనుము, అప్పటికే ఎర్రటి పొడి రాలుతోంది. మన దగ్గర, అందులోనూ అంతర్వేది వైపు రోజూ తిరిగే బండికి, అసలు చావు ఇక్కడే ఉంది. ఉప్పుగాలి, వానాకాలం నీళ్ళు మూత సందుల్లోంచి లోపలికి పోతాయి, బయటికి రావడానికి దారుండదు. బయట నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపలనుంచి తినేస్తుంది, ఒకరోజు వేలితో నొక్కితే బొక్క పడుతుంది. ప్రతి గొట్టానికీ కింది వైపు రెండు చివర్లా చిన్న బెజ్జం వేశాను, నీళ్ళు కారిపోవడానికి. ఆ తర్వాత తుప్పు ఆపే ఎర్ర ప్రైమరు రెడాక్సైడ్‌ని థిన్నర్‌తో పల్చగా కలిపి ఒక చివర పోసి, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి రెండో చివర్నుంచి డబ్బాలోకి వంపేశాను. ఇది ఎవరూ చెయ్యరు, చేసినట్టు ఎవరికీ కనపడదు కూడా. బెజ్జాలు వేసిన అంచులకి బయట కూడా రంగు పుయ్యండి, డ్రిల్లు పడ్డ చోట పౌడర్ కోటింగ్ పెచ్చులుగా లేస్తుంది.

జీఐ గొట్టం, అంటే జింకు పూత ఉన్నది, అయితే ఈ గొడవ ఉండదు కదా అంటారు. నిజమే, కానీ దాన్ని వెల్డింగ్ చేసేటప్పుడు తెల్లటి జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే సాయంత్రానికి చలీ జ్వరమూ పట్టుకుంటాయి. కొట్టించే ఉద్దేశం ఉంటే జాయింటు దగ్గర జింకు పూత గ్రైండర్‌తో తీయించి, గాలి ఆడే చోట కొట్టించండి.

ఇక బోల్టులు. డబ్బాలో ఒక కవర్లో గుత్తగా పోశారు. తళతళలాడుతున్నాయి గానీ ఒక్కదాని తల మీదా అంకె లేదు. మంచి ఇనుప బోల్టు తల మీద 8.8 అని గుద్ది ఉంటుంది, అందులో మొదటి 8 కి అర్థం చదరపు మిల్లీమీటరుకి దాదాపు 80 కిలోల లాగుడు దాకా తెగదని. చుక్క తర్వాత 8 కి అర్థం అందులో ఎనభై శాతం వరకు సాగకుండా ఉంటుందని. మామూలు మెత్తటి బోల్టు ఇందులో సగం. అంకె లేని బోల్టు అయితే అది ఎంతో చెప్పే నాథుడు ఉండడు, బిగిస్తుంటే పానా చేతికి మెత్తగా వస్తూనే ఉంటుంది, బిగుస్తోందో సాగుతోందో తెలీదు. వాటన్నిటినీ మేకులు వేసుకునే డబ్బాలో పడేసి, కొత్తవి తెచ్చాను. 8.8 తీసుకోవచ్చు, నేను మాత్రం ఎస్ఎస్ 304, అంటే స్టెయిన్‌లెస్ స్టీలువి, తీసుకున్నాను. తల మీద ఏ2-70 అని ఉంటుంది, బలం 8.8 కన్నా కొంచెం తక్కువే అయినా మన గాలికి తొందరగా తుప్పు పట్టదు, ఆర్నెల్ల తర్వాత కూడా పానాకి విడివడుతుంది. ఎస్ఎస్ నట్టు ఎస్ఎస్ బోల్టు మీద పొడిగా, వేగంగా తిప్పితే మరలు ఒకదానికొకటి కరుచుకుపోతాయి, ఇంక హ్యాక్సా తప్ప దారి ఉండదు, కాబట్టి ప్రతిదానికీ కూసింత గ్రీజు రాసి నెమ్మదిగా తిప్పండి. నట్లు మామూలువి కాదు, లోపల నైలాన్ రింగు ఉండేవి, నైలాక్ నట్లు. గట్టు రోడ్ల అదురుకి స్ప్రింగ్ వాషర్‌ని నమ్ముకోవద్దు. మొత్తం బోల్టుల ఖర్చు ఆరేడు వందల లోపే.

బొలెరోకి ఒక సుఖం ఉంది, పైకప్పు పక్కలమ్మట నీళ్ళు జారే గట్టర్ ఉంటుంది. పాత జీపుల నుంచీ క్యారియర్లన్నీ దాన్ని పట్టుకునే కూర్చునేవి, డ్రిల్లింగ్ అక్కర్లేదు. కానీ ఆ గట్టర్ కూడా పల్చటి రేకే. అందులో ఏముంటుందో చూసే అలవాటు ఎవరికీ ఉండదు. కొబ్బరి చెట్ల కింద నిలిపే బండి కదా, పూత రాలి, దుమ్ము చేరి, తడిసి గట్టిపడి ఒక పొరలాగా పేరుకుంది. పాత టూత్‌బ్రష్‌తో, నీళ్ళతో మొత్తం కడిగి, ఎండబెట్టి, వేలుపెట్టి తడుముతూ పోతే డ్రైవరు తలుపు పైన ఒకచోట పెయింటు లేచి ఉంది. ఎమెరీ పేపరుతో రుద్ది, ప్రైమరు, దాని మీద తెల్ల రంగు వేసి రెండు రోజులు ఆరనిచ్చాం. తుప్పున్న గట్టర్ మీద క్లాంపు బిగిస్తే ఆ తుప్పు ఇక మన కంటికి కనపడదు.

క్లాంపుకీ గట్టర్‌కీ మధ్య ఇచ్చిన రబ్బరు మరీ స్పాంజి ముక్క, గోరుతో నొక్కితే దిగిపోతోంది. మెత్తటి రబ్బరు ఉంటే బోల్టు బిగుతు నిలవదు, రబ్బరు అణిగేకొద్దీ బోల్టు వదులవుతూ పోతుంది. లారీ ట్యూబు ముక్కలు కోసి పెట్టాను. పంక్చర్ షాపులో ఊరికే ఇస్తారు.

క్లాంపుల చోటు గురించి కాగితంలో "సమాన దూరంలో" అని ఉంది. అలా కాదు. తలుపుల మధ్య స్తంభాలు ఉంటాయి కదా, పైకప్పు బరువు దిగేది వాటిలోకే, అక్కడ చేత్తో గుద్దితే గట్టి శబ్దం వస్తుంది, తలుపు నడిమధ్యన గుద్దితే డొల్లగా మోగుతుంది. కాళ్ళు వీలైనంత ఆ స్తంభాల దగ్గరకి జరపండి. ప్రతి క్లాంపు పెట్టాక తలుపు పూర్తిగా తెరిచి మూసి చూడండి, కొక్కెం కింది అంచు తలుపుకి గీరుకోకుండా.

ఫ్రేము పైకెక్కించడానికి మా బామ్మర్దిని పిలిచాను. వాడు చూపుతోనే "తిన్నగానే ఉంది బావా, బిగించెయ్" అంటాడు. పైకప్పే తిన్నని గీత కాదు, ముందుకి కాస్త సన్నబడుతుంది, అంచులు చూసి పెడితే క్యారియర్ వంకరగా కూర్చుంటుంది. పునాది మార్కింగప్పుడు మేస్త్రి కొలిచినట్టు కర్ణాలు కొలవాలి: ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకి, మళ్ళీ అటునుంచి ఇటు. రెండూ సమానమైతేనే ఫ్రేము మూలమట్టానికి ఉన్నట్టు. మాకు వేలెడు తేడా వచ్చింది. బోల్టులన్నీ వదులుగా ఉంచి ఫ్రేముని చేత్తో తోసి సరిచేసి, అప్పుడు ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, అలా మార్చి మార్చి బిగించాం. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకి వెళ్తే గట్టర్ పెదవి వంగుతుంది. ఎంత బిగించాలంటే, క్లాంపుల ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టుకి 15 న్యూటన్ మీటర్లు చాలు. బిగుతు కొలిచే టార్క్ రెంచి లేకపోతే, 15 సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బలంతో లాగితే దాదాపు అంతే. బామ్మర్ది పానాకి గొట్టం తొడిగి లాగబోయాడు, ఆ గొట్టం లాక్కుని దాచేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది కారు కాదు, పికప్. క్యాబిన్ వేరు, వెనక బాడీ వేరు, రెండూ ఛాసిస్ మీద విడివిడిగా కూర్చున్నాయి, క్యాబిన్ కిందయితే రబ్బరు మౌంట్లు కూడా ఉంటాయి. 20 అడుగుల పైపుకి క్యాబిన్ మీది క్యారియర్ ఒక్కటే చాలదు, వెనక కూడా ఒక ఆనిక కావాలి. బాడీ చివర ఒక అడ్డ ఫ్రేము కొట్టించడానికి మా దగ్గర వెల్డింగ్ షాపుకి వెళ్తే ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి "ఆయ్, రెండు ముక్కలెందుకండీ, ముందు నుంచి వెనక డోరు దాకా ఒకటే పీసు కొట్టేద్దాం, ఏనుగెక్కినా కదలదు" అన్నాడు.

"కదలాలండి బాబూ, కావాల్సిందే అది" అన్నాను.

ఆయనకి నమ్మకం కలగలేదు. షాపులో సుద్దముక్క తీసుకుని, క్యాబిన్ వెనక రేకు మీద ఒక గీత, దానికి సరిగ్గా ఎదురుగా బాడీ ముందు రేకు మీద ఇంకో గీత గీశాను. రెండూ ఒకే వరసలో ఉన్నాయి. షాపు ముందు కాలవ మీద చప్టా ఉంది, బామ్మర్ది బండిని వంకరగా ఎక్కించి ముందు ఎడమ చక్రం ఒక్కటే పైకి లేచేలా ఆపాడు. ఇప్పుడు చూస్తే గీతలు విడిపోయాయి, ఒకదానికి ఒకటి పైకి ఎక్కింది, మధ్యలో చిటికెన వేలు పట్టేంత తేడా. వెల్డింగ్ షాపాయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి వంగి చూశాడు, సుద్ద గీత మీద వేలు పెట్టి, చక్రం దించమన్నాడు, మళ్ళీ ఎక్కించమన్నాడు. గీతలు కలవడం, విడవడం, కలవడం. "ఇలాగయితే మనం కొట్టింది ఎక్కడో చోట తెగాల్సిందేనండి" అన్నాడు. తెగితే వెల్డింగ్ తెగుతుంది, వెల్డింగ్ మరీ గట్టిదైతే గట్టర్ చిరుగుతుంది. అది మాత్రం ఏ షాపులోనూ తేలిగ్గా బాగయ్యే పని కాదు.

కాబట్టి రెండు ముక్కలు, రెండిటికీ మధ్య ఏ కమ్మీ లేదు. పైపులు కట్టేటప్పుడు కూడా ముందు ఆనిక దగ్గర బిగువుగా, వెనక ఆనిక దగ్గర పక్కకి దొర్లకుండా మాత్రం కట్టి, కింద గోనెసంచి మడత వేస్తాం. పైపు కాస్త జారడానికి వీలుండాలి. రెండుచోట్లా బిర్రుగా కట్టేస్తే పైపే ఆ ఇనప కమ్మీ పని చేస్తుంది, క్లాంపుల్ని లాగుతుంది. వెనక అడ్డ ఫ్రేము ఎత్తు క్యారియర్ ఎత్తుకి సమానంగా రావాలి, దాన్ని బండి ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే సరిపోతుంది.

బిగించిన సాయంత్రమే చించినాడ వంతెన మీదకి తీసుకెళ్ళాను. గోదావరి మీద గాలి ఎలా ఉంటుందో తెలుసు కదా. ఖాళీ క్యారియర్, అరవై దాటగానే మొదలైంది ఈల, అద్దాలు ఎత్తినా వినపడేంత. గొట్టానికి తగిలిన గాలి ఒకసారి పైనుంచి ఒకసారి కిందనుంచి లయగా సుడులు తిరుగుతూ విడిపోవడం వల్ల వచ్చే శబ్దం అది, ముందు అడ్డకమ్మీదే ఎక్కువ. దానికి అమ్మే ప్లాస్టిక్ రెక్క ఖరీదు క్యారియర్‌లో మూడో వంతు ఉంది. అక్కర్లేదు. ముందు కమ్మీకి ఒక తాడుని స్ప్రింగులాగా, చుట్టుకీ చుట్టుకీ మధ్య నాలుగైదు వేళ్ళ ఎడంతో చుట్టేస్తే ఆ లయ చెడిపోతుంది, ఈల పోతుంది. కోనసీమలో ఉండి తాడంటే చేతికి వచ్చేది కొబ్బరి తాడే, కానీ అది వద్దు, నీళ్ళు పీల్చి రోజుల తరబడి తడిగా ఉండి కింద పెయింటు తినేస్తుంది. సన్నటి నైలాన్ తాడు చుట్టాను. మామూలు గాలి హోరు ఉంటుంది, ఆ ఈల మాత్రం లేదు. సామాను కట్టే బెల్టు కూడా ఇలాగే బుర్రుమంటుంది, కట్టేటప్పుడు దాన్ని ఒక మెలిక తిప్పి కట్టండి, ఊరుకుంటుంది.

గాలి గురించి ఇంకో మాట, ఇది సరదా కాదు. ఎనభై స్పీడులో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 30 కిలోలు. స్పీడు రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. 8 అడుగులకి 4 అడుగుల ప్లైవుడ్డు దాదాపు మూడు చదరపు మీటర్లు, దాని ముందు అంచు కాస్త పైకి లేచిందంటే కిందనుంచి ఎత్తే బలం ప్లైవుడ్డు బరువు కన్నా చాలా ఎక్కువ, అప్పుడు పట్టి ఉంచేది తాడూ, క్లాంపులూ, ఆ గట్టర్ పెదవే. పైపులు గాలిని చీల్చుకుపోతాయి, పలకలు పట్టుకుంటాయి. తలుపులు, ప్లైవుడ్డు, ఫ్లెక్సీ ఫ్రేములు నేను క్యారియర్ మీద పెట్టను, బాడీలో నిలబెట్టి కట్టుకుంటాను. ఇక బ్రేకు సంగతి. గట్టిగా బ్రేకు కొడితే నలభై కిలోల పైపుల కట్ట ముప్ఫై కిలోల బలంతో ముందుకి తోసుకొస్తుంది, తడి పీవీసీ అయితే బెల్టులోంచి సబ్బులా జారిపోతుంది. బెల్టు చుట్టూ మాత్రమే కాకుండా కట్ట వెనక చివరకి ముడివేసిన ఒక తాడుని బాడీ కొక్కేలకి కట్టండి, అదే ముందుకి రాకుండా ఆపేది.

విప్పుకునేది తీసుకోవడానికి ఇంకో కారణం తర్వాత చెప్తానన్నాను కదా, అది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. క్యాబిన్‌కి వెల్డింగ్ కొట్టించి శాశ్వతం చేసుకుంటే రేపు ఫిట్‌నెస్ దగ్గర సమాధానం చెప్పుకోవాలి, నాదయితే పది బోల్టులు విప్పితే బండి షోరూములోంచి వచ్చినట్టే ఉంటుంది. అంతకన్నా చురుక్కుమనిపించేది సామాను బయటికి పొడుచుకురావడం. 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్‌లో పక్కలకి గానీ, ముందుకీ వెనక్కీ గానీ, ఎత్తులో గానీ హద్దు దాటి లోడు ఉంటే జరిమానా 20 వేలు, పైగా అక్కడే దింపించే ఖర్చు మనదే. పైపులు ముందుకి పొడుచుకు రానివ్వను, వెనక మిగిలిన దానికి ఎర్రగుడ్డ కడతాను (అది జరిమానా తప్పించేది కాదు), చీకటి పడితే పైపులు వేసుకుని బయల్దేరను. పెద్ద ఆర్డరైతే ఇప్పటికీ ట్రాలీ ఆటో మాట్లాడతాం, ఆ కిరాయి క్యారియర్ మీద కక్కుర్తి పడి మిగుల్చుకునేది కాదు.

మన రోడ్ల మీద ఎత్తు కూడా చూసుకోవాలి. క్యారియర్‌తో జానెడు ఎత్తు పెరిగింది, దాని మీద పైపులు ఇంకో జానెడు. కాలవ గట్ల మీద కొబ్బరి చెట్లు నీళ్ళ వైపుకీ రోడ్డు వైపుకీ వంగి ఉంటాయి, ఎండుమట్ట ఒకటి వేలాడుతూ ఉంటే ఇదివరకు క్యాబిన్‌కి రాసుకుని పోయేది, ఇప్పుడు క్యారియర్ మూలకి చిక్కుకుని ఊడి బానెట్ మీద పడుతుంది. కేబుల్ టీవీ వైర్లు సరేసరి. వీటన్నిటికన్నా చెరువు గట్ల మీద కరెంటు లైన్లు చూసుకోండి, స్తంభాలు ఒరిగి వైర్లు కిందకి జారిన చోట్లు మనకి తక్కువేం కాదు. బండి మీద అల్యూమినియం నిచ్చెన ఉన్నప్పుడు గట్టు మీద లైను కింద ఆపి, పైకెక్కి విప్పడం అస్సలు వద్దు. లైను దాటి ఆపుకుని, నిచ్చెనని అడ్డంగానే దించాలి.

మైలేజీ కొంత పోతుంది, హైవే మీద ఎక్కువ, ఊళ్ళ మధ్య తిరిగితే పెద్దగా తెలియదు. పని లేని రోజుల్లో తీసేస్తే మంచిదే, కానీ తీయం, నేనూ తీయను.

బిగించాక మొదటి రెండు మూడు రోజులు తిరిగి మళ్ళీ పానా వెయ్యాలి, రబ్బరు అణిగి ప్రతి క్లాంపూ పావు చుట్టు తీసుకుంటుంది. ఆ తర్వాత టైర్లలో గాలి చూసుకున్నప్పుడల్లా ఒకసారి ఫ్రేము మూల పట్టుకుని ఊపి చూస్తే చాలు. బండి మొత్తం ఊగాలి, క్యారియర్ ఒక్కటే ఊగితే విప్పి చూడాల్సిందే.

గట్టర్ లేని కొత్త పికప్‌లు, ఇసుజు డీ-మ్యాక్స్ లాంటివి ఉన్నవాళ్ళు ఈ క్లాంపు రకం కొనకండి, కొక్కెం పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. వాటికి తలుపు ఫ్రేము పట్టుకునే కాళ్ళు వేరే వస్తాయి, మీ మోడల్ పేరుతోనే అడిగి తీసుకోవాలి. పైకప్పుకి బెజ్జాలు వేసి సిలికాన్ పూస్తానని ఎవరైనా అంటే బండి వెనక్కి తిప్పుకుని వచ్చెయ్యండి, మన వానలకి ఆ సిలికాన్ నిలవదు, నీళ్ళు దిగేది సరిగ్గా సీలింగు గుడ్డలోకి.